లింకులు మనమే ఇచ్చి నెట్‌లో చదివిస్తే అది పాఠం చెప్పినట్టా, కాదా?

కాలువగట్టు సోషల్:
అందరికీ నమస్కారం. రాజోలు వైపు హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతికి గోదావరి వరదల పాఠం కొత్తగా చేశాను. ఐదు లింకులు నేనే ఏరి, కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం లెక్కలు, ఇస్రో వాళ్ల భువన్‌లో నది పాయల మ్యాపు, 1986 వరద మీద ఒక వ్యాసం, ఇలాంటివి. జట్టుకి నలుగురు, చీటీలు వేసి తలా ఒక వేషం ఇచ్చాను: లంక (ఏటి మధ్య దిబ్బ) రైతు, ఇరిగేషన్ ఇంజనీరు, పడవ సరంగు, తహసీల్దారు. ప్రశ్న ఒక్కటే. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు, లంకని ఇప్పుడే ఖాళీ చేయించాలా, మూడోదాకా ఆగాలా? నాలుగు పీరియడ్లు పట్టింది. పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. స్టాఫ్ రూములో మాత్రం ‘పాఠం ఎగ్గొట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టావు’ అన్నారు. నేను చేసింది తప్పా?

(ఒకడైతే ‘మొదటి హెచ్చరిక 11.75 లక్షల అడుగులు’ అని రాశాడు. నవ్వలేక చచ్చాం.)

ఎక్కాల మాస్టారు:
ఆ బ్రాకెట్లో ముక్క దగ్గరే ఆగిపోయానండి. మొదటి హెచ్చరికకి 11.75 అడుగులు నీటి ఎత్తు. 10 లక్షల క్యూసెక్కులు ప్రవాహం. రెంటినీ కలిపి వండేశాడంటే వాడికి రెండూ తెలీవు. మీకది నవ్వులాటగా ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల చిల్లర. పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు. ఏ లింకు చెప్పిందిది వాడికి?

34 ఏళ్లు లెక్కలు చెప్పాను. పిల్లల్ని పంట కాలువ గట్టుకి తీసుకెళ్లి, ముప్పై అడుగులు కొలిచి, పీచు కొబ్బరికాయ నీళ్లలో వదిలి సెకన్లు లెక్కపెట్టించేవాణ్ణి. వెడల్పు, లోతు కొలిచి వేగంతో గుణిస్తే క్యూసెక్కులు వచ్చేవి. పైసా ఖర్చు లేదు.

సరే, అసలు మాట. లింకులు మీరే ఇచ్చాక వాళ్లు వెతికిందేమిటి? గైడు కొనుక్కోమనడానికీ దీనికీ తేడా ఏమిటి?

పాలకొల్లు పాప:
పుస్తకాల్లోనే క్యూఆర్ కోడ్లున్నాయిగా, స్కాన్ చేస్తే దీక్షలోకి, అదే ప్రభుత్వం వాళ్ల పాఠాల సైటులోకి వెళ్తుంది. మళ్లీ లింకులెందుకు?

కాలువగట్టు సోషల్:
పాప గారూ, దీక్ష 2017 నుంచీ ఉంది. నేనూ వాడతాను. అది పాఠాన్ని ఇంకోసారి చెబుతుంది, ప్రశ్నని పిల్లల మధ్య పడేయదు.

మాస్టారూ, 1995లో శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ అనే ప్రొఫెసరు ఈ పద్ధతికి వెబ్‌క్వెస్ట్ అని పేరు పెట్టాడు. అప్పటికి గూగుల్ పుట్టనేలేదు. వెతుకులాటలోనే పుణ్యకాలం గడిచిపోకూడదు, దొరికినదాంతో ఆలోచించాలి అన్నది ఆయన ఉద్దేశం. ఊరికే ‘గోదావరి వరద’ అని కొట్టి చూడమనండి మీ మనవణ్ణి. గంట తర్వాత ఏం చూస్తున్నాడో చెప్పండి.

ఎక్కాల మాస్టారు:
వాళ్లు వెతికిందేమిటని అడిగాను. బెర్నీ గారు ఏ సంవత్సరంలో ఏం చేశారని కాదు.

సైన్సు ల్యాబు:
నీటి పైన వేగం ఎక్కువుంటుంది మాస్టారూ. మీ కొబ్బరికాయ లెక్కని 0.85తో గుణించాలి. ఇక సర్క్యూట్లకి నేను కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ చూపిస్తాను, కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు. బల్బులు మాడిపోతాయన్న భయం లేదు.

ఎక్కాల మాస్టారు:
హైస్కూలుకి అంత సవరణ అక్కర్లేదు. బల్బు మాడిపోవాలండి, అప్పుడే గుర్తుంటుంది.

కాలువగట్టు సోషల్:
మీరు రిటైరయ్యారు కాబట్టి ఎన్నైనా చెబుతారు. మాకు పొద్దున లేస్తే హాజరు ఫొటోలు, భోజనం ఫొటోలు, యాప్‌లు. సర్వర్ రాకపోతే టెన్షన్. కాలువ దగ్గర ఒక్క పిల్లాడు జారితే నా ఉద్యోగం మీరిప్పిస్తారా?

ఎక్కాల మాస్టారు:
అదీ సంగతి. గడప దాటాలంటే భయం, అందుకని నెట్టు. ఆ మాట మొదటే అనొచ్చుగా, అమెరికా దాకా తిప్పారు.

కాలువగట్టు సోషల్:
గట్టు మీద కొబ్బరికాయ వదిలిన రోజులు కావివి. మీతో వాదన నావల్ల కాదు.

లంకలో ఇల్లు:
నేను టీచర్ని కాదండి. పి.గన్నవరం దగ్గర లంక మాది. మా పిల్ల బళ్లో కూడా ఇలాంటిదే చేయించారు. చివరి ముక్క ఇంటి దగ్గర ఫోన్లో చూసి రాయమన్నారు. మాకున్న ఫోన్ ఒకటే, అది మా ఆయనతో రొయ్యల చెరువు కాపలాకి వెళ్తుంది. పక్కింటి వాళ్లు ఇచ్చారు గానీ సగంలో ఛార్జింగ్ అయిపోయింది. మార్కులు పోయాయి. పోతే పోయాయి, నా బాధ అది కాదు.

2022 జులైలో ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లు. పిల్లని, బియ్యం డ్రమ్ముని పడవలో ఏటిగట్టుకి చేర్చి, ఆరు రోజులు టార్పాలిన్ పట్టా కింద పడుకున్నాం. గేదెని ఈదించుకొచ్చాం. ఆ పిల్ల ఆ క్లాసులోనే ఉంది. లంక రైతు వేషం అమలాపురంలో మేడ ఉన్న పిల్లాడికొచ్చింది. లింకులో ఏముందని అడిగారు గానీ, నీకేమైందమ్మా అని దాన్నెవరూ అడగలేదు. మాస్టారూ, మీ కొబ్బరికాయ కూడా అడగదు.

పాలకొల్లు పాప:
అబ్బా.

కాలువగట్టు సోషల్:
ఇప్పుడే జట్ల కాగితం తీసి చూశాను. నా క్లాసులో లంక పిల్లలు ముగ్గురు. చీటీలు వేశాను కదా, ఇద్దరికి తహసీల్దారు వచ్చింది. ఒకమ్మాయి నాలుగు పీరియడ్లలో నోరు విప్పలేదు. బెరుకనుకున్నాను.

లంకలో ఇల్లు:
లంక పిల్లకి లంక రైతు వేషమే ఇవ్వమనడం లేదండి. ఇంజనీరైతే మాకూ సంతోషమే. ఒక లింకు తగ్గించి, ఆ టైములో వాళ్లని చెప్పనివ్వచ్చుగా అంటున్నాను.

ఎక్కాల మాస్టారు:
చెప్పనివ్వండి, కాదనను. నేనూ అడగలేదు నా రోజుల్లో. కానీ తల్లీ, నీళ్లు ఎంత లోతొచ్చాయో పిల్ల చెబుతుంది. ధవళేశ్వరంలో ఎన్ని అడుగులున్నప్పుడు మీ వాకిట్లోకొచ్చాయో తేల్చాలంటే పక్కన చార్టు కావాలి.

కాలువగట్టు సోషల్:
అంటే లింకు కావాలంటారు?

ఎక్కాల మాస్టారు:
చార్టు కావాలంటున్నాను.

లంకలో ఇల్లు:
మా పాత గోడ మీద రెండు గీతలున్నాయండి. 86లో మా మావగారు బొగ్గుతో గీశారు, తర్వాత చాకుతో చెక్కారు. 22ది మా ఆయన గీసింది. 86దే పైనుంది.

ఎక్కాల మాస్టారు:
రెంటికీ మధ్య ఎన్ని అంగుళాలు?

లంకలో ఇల్లు:
టేపు లేదండి. మూరెడున్నర.