వైజాగ్‌లో ప్రైవేట్ పైలట్లు ఎవరైనా ఉన్నారా? ఒక ఆదివారం కలుద్దామా?

గాజువాక గాలిపటం:
మొన్న వేసవిలో టెక్సాస్‌లో అక్క వాళ్లింటికి వెళ్లాను. శనివారం తెల్లారకుండానే బావ లేపి, కారెక్కించి, ఊరి చివర ఒక ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాడు. ఎయిర్‌పోర్టంటే మన ద్వారకా బస్టాండులో నాలుగో వంతు హడావిడి కూడా లేదు. టవర్ లేదు, సెక్యూరిటీ లైను లేదు, ఒక రన్‌వే, పక్కన వరసగా రేకుల షెడ్లు, అంతే. ఒక షెడ్డులోంచి విమానాన్ని బయటికి తోసేసి, ఆ జాగాలో మడత కుర్చీలు వేసుకుని పాతిక మంది దాకా కూర్చున్నారు. రిటైరైన ప్లంబర్, పళ్ల డాక్టరు, ఒక స్కూలు టీచరమ్మ, అందరూ సొంత సరదాకి విమానం నడిపేవాళ్లే. కొందరైతే పక్క ఊళ్ల నుంచి విమానాల్లో వచ్చారు, టిఫినుకి!

ఒక పెద్దాయన తన సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) రెక్క కింద నుంచి చిన్న గాజు గొట్టంలోకి పెట్రోలు పట్టి, వెలుగుకి ఎత్తి చూశాడు. లేత నీలం రంగు. అడుగున నీటి బొట్టు ఏమైనా దిగిందా అని చూడటం, దిగితే పారబోసి మళ్లీ పట్టడం. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) ట్రైనింగులో ఈ పని నేనూ ఎన్ని పొద్దులు చేశానో. ఆ వాసన తగలగానే ఏదోలా అయిపోయింది. లైసెన్సు వచ్చాక ఉద్యోగం, పెళ్లి, ఇంటి లోను... ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ఇప్పుడు బీరువాలో మా ఆవిడ పట్టుచీరల కింద ఉంది.

ఇలాంటిది మన వైజాగ్‌లో కుదురుతుందా? ఎయిర్‌పోర్టు వాళ్లని ఎవరైనా అడిగి చూశారా? సెస్నా 172 గంటకి 200 కిలోమీటర్ల పైనే పోతుంది కాబట్టి రాజమండ్రి వెళ్లి పెసరట్టు తిని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు అని రాత్రుళ్లు లెక్కలు వేసుకుంటున్నాను.

పాత డేగ:
బాబూ, నువ్వు వైజాగ్ ఎయిర్‌పోర్టు అంటున్నది నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగ. 1991లో కమిషన్ చేశారు, విమానాలకి దారి చెప్పే ఏటీసీ కూడా నేవీదే. మనం టికెట్ కొనుక్కుని విమానం ఎక్కుతూ వచ్చింది ఆ స్థలంలో ఒక పక్కన. నేను అక్కడ పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. మడత కుర్చీలు పట్టుకెళ్తే కూర్చోబెడతారు, కాకపోతే గార్డు రూములో.

ఇక నీ పెసరట్టు సంగతి. ముందు ఇక్కడ నీకో విమానం ఉండాలి కదా. ఉందనుకో, ఊరు దాటి ఎగరాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ (ఏడీసీ) నంబరు రావాలి, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (ఎఫ్ఐసీ) నంబరు రావాలి. తిరుగు ప్రయాణానికి మళ్లీ మొదలు. ఈలోపు రాజమండ్రిలో పెసరట్టు చల్లారిపోతుంది. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు ఉందిగా అంటారేమో, అది పెద్ద విమానాల కోసం కట్టింది, రేకుల షెడ్లకి అక్కడ జాగా ఇస్తారని నాకైతే నమ్మకం లేదు.

నిరుత్సాహపరచాలని కాదు. ఉన్నమాట చెప్పా.

పెందుర్తి టు డల్లాస్:
గాలిపటం గారూ, మీ బావగారు వెళ్లే లాంటి చోటికే నేనూ ఆరేళ్లుగా వెళ్తున్నాను. ఒకసారి చూసొచ్చినవాళ్లకి తెలియని విషయం ఏంటంటే, కూర్చున్నవాళ్లలో సగం మంది ఆ రోజు ఎగరరు. అడ్డగాలి ఎక్కువుందని ఒకరు, మెడికల్ సర్టిఫికెట్ గడువు దాటిందని ఒకరు, తొంభై రోజుల్లో మూడు ల్యాండింగులు లేవు కాబట్టి ఎవర్నీ ఎక్కించుకోలేనని ఇంకొకరు. ఖర్చు కూడా తక్కువేం కాదు. ప్రైవేట్ లైసెన్సుతో జనాన్ని తిప్పి డబ్బు సంపాదించకూడదు, పెట్రోలు, అద్దె లాంటివి ఎక్కినవాళ్లతో సమానంగా పంచుకోవచ్చు, అంతవరకే.

నాకు పనికొచ్చింది కబుర్లే. ఒక ముసలాయన ప్రతి వారం కార్బ్యురేటర్‌లో (ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపిచ్చే భాగం) ఐసు పట్టిన కథే చెప్పేవాడు, మేం నవ్వుకునేవాళ్లం. ఆర్నెల్ల తర్వాత పాత సెస్నా 150లో ఒక్కణ్నే వెళ్తున్నా, చలి కూడా లేదు, ఇరవై డిగ్రీలు ఉంటుంది, కానీ గాలిలో బాగా తేమ. ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, మెల్లగా పడిపోతోంది. కార్బ్ హీట్ లాగాను, అదే, ఐసు కరగడానికి వేడిగాలి పంపే మీట. లాగగానే ఇంజను ఇంకా గట్టిగా దగ్గడం మొదలెట్టింది! పుస్తకంలో చదివిందే, కానీ ఆ క్షణంలో పుస్తకం గుర్తురాదు. "అది దగ్గుతుంది నాయనా, కరిగిన నీళ్లు తాగుతోంది, చెయ్యి తియ్యకు" అన్న ఆ ముసలాయన మాట గుర్తొచ్చింది. లేకపోతే కంగారులో మీట వెనక్కి తోసేసేవాణ్ని. అర నిమిషం అయ్యాక సర్దుకుంది, నా గుండె సర్దుకోవడానికి మాత్రం ల్యాండింగ్ దాకా పట్టింది.

ఆ కథ వినడానికి నాకు రన్‌వే అక్కర్లేకపోయింది. మీకూ అక్కర్లేదు. బీచ్‌లో కూర్చోండి.

ఇంకోటి, మళ్లీ ఇటొచ్చేటప్పుడు మీ ఇండియా లైసెన్సు ఆధారంగా ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. ఇండియాలో అదే పని చూసే డీజీసీఏ నుంచి ధ్రువీకరణ రావాలి, అది కొంచెం ముందే మొదలెట్టాలి.

ఎంవీపీ నుంచి:
నేను సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేస్తున్నాను, ఎగరాల్సిన 200 గంటలకి ఇంకా 60 తక్కువ. పరీక్షలకి చదువుకుందామని ఇంటికొచ్చాను. మీరంతా సరదా అంటుంటే నాకు మాత్రం ఎడ్యుకేషన్ లోను కళ్ల ముందు తిరుగుతోంది 😅 కార్బ్ ఐస్ మీద నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టాను గానీ ఇంజను దగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. నాలాంటి వాళ్లు రావచ్చా? నాన్న కూడా వస్తానంటున్నారు, ఆయనకి విమానం అంటే బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 ఒక్కటే తెలుసు.

గాజువాక గాలిపటం:
తప్పకుండా రండమ్మా, నాన్నగారినీ తీసుకురండి. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరున్నర, తెన్నేటి పార్కు, సముద్రం వైపు గట్టు దగ్గర. లైసెన్సు ఉందా లేదా అని ఎవరూ అడగరు. లాగ్‌బుక్కులు ఉన్నవాళ్లు పట్టుకురండి, నాది బయటికి తీయడానికి ఇంట్లో పర్మిషన్ దొరికింది, ఏడీసీ కంటే కష్టమైంది. డేగ మాస్టారూ, మీరు రాకపోతే మాత్రం ఊరుకోను.

పాత డేగ:
వస్తాను. ఫ్లాస్కులో అల్లం టీ తెస్తా, గ్లాసులు మీరు చూసుకోండి. పైన నేవీ హెలికాప్టర్ వెళ్తుంటే ఫోన్లు ఎత్తి వీడియోలు మాత్రం తీయకండి, పాత అలవాటు, నేను అరిచేస్తాను.