‘ఫెడరల్’ అంటే కేంద్రమా, సమాఖ్యా?

నీలిసిరా: అమెరికా వార్తల్లో ‘ఫెడరల్ ప్రభుత్వం’ అని వస్తే చాలామంది ‘కేంద్ర ప్రభుత్వం’ అని రాసేస్తున్నారు. ఫెడరల్ అంటే సమాఖ్య, అధికారం ఒక్కచోటే పోగుపడకుండా పంచుకోవడం. కేంద్రం దానికి పూర్తిగా ఎదురర్థం కదా?

అడ్డగీత: అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పేరులో మొదటి అక్షరం ‘ఫెడరల్’. అది దేనికి? రాష్ట్ర పోలీసులు కారని చెప్పడానికేగా! వాడుకలో అది కేంద్రమే.

నీలిసిరా: లాటిన్‌లో ‘ఫోయెడస్’ అంటే ఒడంబడిక. అందులో కేంద్రం ఎక్కడుంది?

చూపరి: కానివ్వండి, చదువుతున్నాం.

అడ్డగీత: మూలం పట్టుకుని వేలాడితే ఎలా? 1787-88లో అమెరికా కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని వాదులాడుకున్నప్పుడు, బలమైన జాతీయ ప్రభుత్వం కావాలన్నవాళ్లే ఫెడరలిస్టులమని పేరు పెట్టుకున్నారు. రాష్ట్రాల అధికారం పోతుందని మొత్తుకున్నవాళ్లు యాంటీ ఫెడరలిస్టులయ్యారు. మీ లెక్కన ఆ పేర్లు తారుమారు కావాలి.

నీలిసిరా: అది వాళ్ల గడుసుతనం. ఎదుటివాళ్లకి దక్కాల్సిన మాటని ముందే లాగేసుకున్నారు.

మూడోపేజీ: బ్రిటన్‌ది ఇంకో తంటా. 1991లో యూరోపియన్ యూనియన్‌ను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ముసాయిదాలో ‘ఫెడరల్’ ఉంటే పట్టుబట్టి తీయించారు. వాళ్ల చెవికి అది బ్రస్సెల్స్ పెత్తనం, అంటే యూనియన్ పెత్తనం. జర్మన్లకేమో రాష్ట్రాలకు రక్షణ.

నీలిసిరా: నేనొక సంస్థకు అనువాదం చేసి ‘సమాఖ్య న్యాయస్థానం’ అని రాస్తే, ఒక్క మాట అడక్కుండా ‘కేంద్ర’ అని మార్చి, తప్పుల పేరుతో డబ్బులు కూడా కోసేశారు. అక్కడా మీలాంటివాళ్లే!

అడ్డగీత: కోసింది నేను కాదండీ. అది రాష్ట్రం కోర్టో దేశం కోర్టో చదివేవాళ్లకి తెలియాలా వద్దా?

నీలిసిరా: అదే మీ రోగం. దేశం పైన, రాష్ట్రం కింద! అక్కడి రాష్ట్రాలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. జాతీయ ప్రభుత్వానికి అప్పగించని అధికారాలు, రాజ్యాంగం రాష్ట్రాలకు నిషేధించనంత వరకు, రాష్ట్రాలవో ప్రజలవో అని 1791 నాటి పదో సవరణే చెప్తోంది.

అడ్డగీత: ఇప్పుడు బయటపడ్డారు. మీ పేచీ అనువాదంతో కాదు, బలమైన కేంద్రంతో. అదే రాజ్యాంగం ఆరో అధికరణ చదవండి. రెండు చట్టాలు ఢీకొంటే ఫెడరల్ చట్టానిదే పైచేయి.

నీలిసిరా: రాజ్యాంగానికి లోబడి చేసిన చట్టానికి మాత్రమే! ఆ షరతు మింగేశారేం?

మూడోపేజీ: ప్రభుత్వం పక్కన వస్తే ‘కేంద్ర’, వ్యవస్థ పక్కన వస్తే ‘సమాఖ్య’ అని రాసుకుంటే గొడవ ఉండదుగా?

అడ్డగీత: నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

నీలిసిరా: వ్యవస్థ సమాఖ్యదైతే అందులోని ప్రభుత్వం కేంద్రం ఎలా అయిందో ముందు అది చెప్పండి.