కల్లు కాంపౌండ్ మూసేశాక వణుకు, ఫిట్స్ ఎందుకు?

ప్రశ్న: మా బస్తీలో ఎక్సైజ్ వాళ్లు కల్లు కాంపౌండ్ సీల్ చేశారు. రెండ్రోజులకే రోజూ తాగే పెద్దవాళ్లకు చేతుల వణుకు, పొంతన లేని మాటలు. కల్లు మానితే ఇంత అవుతుందా?

జవాబు 1: కల్తీ కల్లయితే అవుతుంది. అందులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తు మందు ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. వెంటనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. అక్కడ డయాజెపాం లాంటి మందుతో మొదలుపెట్టి డోసు మెల్లగా తగ్గిస్తారు. ఇంట్లో కట్టేయొద్దు, మెడికల్ షాపు మాత్రలు సొంతంగా వేయొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, నోట్లో ఏమీ పెట్టొద్దు.

జవాబు 2: కేసు భయంతో దవాఖానాకు తీసుకెళ్లడం ఆపకండన్నా. తనంతట తాను సర్కారు దవాఖానాలో చికిత్స తీసుకునే, మత్తుకు బానిసైన మనిషికి వాడకం, చిన్న మోతాదు కేసుల నుంచి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

జవాబు 3: సీల్ వేసే ముందే బస్తీ దవాఖానాకు చెప్పాలి. అది జరగకపోతే తాగేవాళ్లు పక్క కాంపౌండ్‌కే పోతారు.