కాంకర్డ్ నుంచి వెనక్కి వస్తూ బ్రిటిష్ దళం అంతగా ఎందుకు దెబ్బతింది?

ప్రశ్న:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు, 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున, మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో ఎనిమిది మంది స్థానికులను చంపి బ్రిటిష్ దళం కాంకర్డ్ వెళ్ళింది. సాయంత్రానికి అదే దళం ప్రాణాలు అరచేత పట్టుకుని బోస్టన్ పక్కనున్న చార్లెస్‌టౌన్ చేరింది. రైతులు చెట్ల చాటునుంచి గురిచూసి కొట్టారంటారు. ఆ తుపాకులతో అంత గురి సాధ్యమా?

జవాబు 1:
సాధ్యం కాదండీ. మసాచుసెట్స్ మిలీషియా (ఊళ్ళ పౌరసైన్యం) దగ్గర ఎక్కువగా ఉన్నవి నున్నటి గొట్టం మస్కెట్లే, అంటే గొట్టం లోపల గుండును తిప్పే గాళ్ళు లేని తుపాకులు. వంద గజాలు దాటితే ఒక మనిషిని ఎంచుకుని కొట్టడం అదృష్టం మీదే. అసలు దెబ్బ తీసింది దారి. బోస్టన్‌కు సుమారు 18 మైళ్ళు, దళం వచ్చిన రోడ్డునే తిరిగి వెళ్ళాలి, అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఒక కంపెనీ కాల్చి తప్పుకుంటే తర్వాతి ఊరి కంపెనీ అందుకునేది. పొద్దున కాంకర్డ్‌లోని నార్త్ బ్రిడ్జి దగ్గర 400 మంది, రోజు ముగిసేసరికి మూడున్నర వేల పైనే. వీళ్ళు ఎవరికి వారు వచ్చిన రైతులు కారు. కెప్టెన్లు, డ్రిల్లు ఉన్న కంపెనీలు. ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధంలో పోరాడినవాళ్ళూ వాటిలో ఉన్నారు.

జవాబు 2:
తూటాల లెక్క కూడా చూడండి. కాగితపు తూటాను పంటితో చింపాలి, చిటికెడు తుపాకీమందు తుపాకీకి ఉన్న చిన్న పళ్ళెంలో పోయాలి, మిగతాది గొట్టంలో పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఆరితేరినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలడు. కాంకర్డ్ దళానికి సాయంగా వచ్చిన బ్రిటిష్ అధికారి పెర్సీ సైనికుల దగ్గర తలా 36 తూటాలే, అంటే ఆపకుండా కాలిస్తే 12 నిమిషాలు. ఆరు పౌండ్ల గుండు పేల్చే రెండు ఫిరంగులకు 24 గుండ్లే, నడక మందగిస్తుందని పెర్సీ మందుగుండు బండి వద్దన్నాడు. తర్వాత పంపిన బండ్లు దారిలోని మెనోటమీ అనే ఊరి దగ్గర మిలీషియాకు పట్టుబడ్డాయి. కాంకర్డ్ వెళ్ళిన స్మిత్ దళమైతే ముందురోజు రాత్రి నుంచీ నడుస్తూనే ఉంది.

ప్రశ్న వేసినవారు:
మరి రోడ్డుకు ఇరువైపులా నడిచిన బ్రిటిష్ పక్క దళాలు ఏం చేసినట్టు?

జవాబు 3:
అవి బాగానే పనిచేశాయి. మిలీషియావాళ్ళు ఎక్కువగా చనిపోయింది వాటివల్లే. రోడ్డునే చూస్తూ కూర్చున్నవాళ్ళ వీపు వైపు నుంచి ఇవి వచ్చిపడేవి. మెనోటమీలో జేసన్ రసెల్ ఇంటి దగ్గర ఆయనతో కలిపి 12 మంది అలాగే పోయారు. చిక్కల్లా ఇరుకు చోట్లే. కాంకర్డ్ దాటగానే వచ్చే మెరియమ్స్ కార్నర్ దగ్గర చిన్న వంతెన దాటడానికి పక్క దళం గుట్ట దిగి రోడ్డెక్కాల్సొచ్చింది, మధ్యాహ్నం కాల్పులు మొదలైంది సరిగ్గా అక్కడే. కొంచెం ముందుకెళితే అడవిలో రోడ్డు మెలిక, అక్కడ రెండు వైపులనుంచీ కాల్చారు.

పెర్సీ కేంబ్రిడ్జ్ దారి వదిలి చార్లెస్‌టౌన్‌కు మళ్ళడమే ఆ రోజు బ్రిటిష్‌వారు తీసుకున్న మంచి నిర్ణయమని నా అభిప్రాయం. అక్కడ యుద్ధనౌక ఫిరంగుల అండ ఉంది. అప్పటికే 73 మంది చనిపోయారు, 174 మంది గాయపడ్డారు, 26 మంది గల్లంతయ్యారు. మిలీషియా వైపు మృతులు 49.