తాళం వేసిన ఇంట్లో ‘దోపిడీ’ జరుగుతుందా?

ప్రశ్న: ‘తాళం వేసిన ఇంట్లో భారీ దోపిడీ’ అని పేపర్లో హెడ్డింగ్ చూశాను. ఇంటివాళ్లు ఊరెళ్లారట, బీరువా పగలగొట్టి నగలు పట్టుకుపోయారట. దీన్ని దోపిడీ అనొచ్చా? చిన్నప్పటి నుంచి నాకు దోపిడీ అంటే కత్తి చూపించి గుంజుకోవడమే.

జవాబు: మీరనుకున్నదే చట్టం అంటున్నది. ఇల్లు ఖాళీగా ఉంటే పోయింది కోటి రూపాయలైనా అది దొంగతనమే. మన పెద్దలు ‘కన్నం వేశారు’ అనేది ఇలాంటి వాటినే. నివాసగృహంలో దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, తాళం పగలగొట్టి చొరబడినందుకు వేరే సెక్షన్ పడుతుంది. దోపిడీ కావాలంటే ఎదురుగా మనిషి ఉండాలి, ఆ మనిషికి దెబ్బో, నిర్బంధమో, అప్పటికప్పుడు ఏదో అయిపోతుందన్న భయమో కలగాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 309వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 390, 392. నిర్వచనం మాత్రం దాదాపు పాతదే.

ఇందులో నాకు నచ్చిన మాట ‘అందుకోసమే’. కొట్టడం సొత్తు కోసం, లేదా దాన్ని పట్టుకుపోవడం కోసం జరగాలి. దొంగ సంచీ అక్కడే పడేసి, దొరక్కుండా పారిపోవడానికి రాయి విసిరాడనుకోండి. రాయి దెబ్బకు వేరే కేసు, దోపిడీ కాదు. సంచీ చంకలో పెట్టుకుని విసిరితే దోపిడీ.

బెదిరించి వసూలు చేయడం కూడా దోపిడీ అవుతుంది, వాడు ఎదురుగా నిలబడి అక్కడికక్కడే ఇప్పించుకుంటే. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: దారిలో పిల్లవాణ్ణి లాక్కుని, పర్సు ఇవ్వకపోతే లోయలోకి విసిరేస్తానంటాడు. అది దోపిడీ. ‘మీవాడు మా ముఠా దగ్గర ఉన్నాడు, డబ్బు పంపకపోతే చంపేస్తాం’ అని కబురు పెడితే మామూలుగా బలవంతపు వసూలే.

ప్రశ్న: మరి గొలుసు లాక్కుపోతే?

జవాబు: దానికి ఇప్పుడు విడిగా 304 పెట్టారు, మూడేళ్ల దాకా జైలు, జరిమానా. పాత చట్టంలో ఈ పేరుతో సెక్షన్ లేదు. గొలుసు కోసం ఆవిణ్ణి కొట్టి గాయపరిస్తే మళ్లీ దోపిడీయే.

ఇంకొకరు: ‘దారిదోపిడీ’ అని మనం అలవాటుగా అంటాం గానీ, చట్టంలో దానికేమైనా విలువుందా సార్?

జవాబు: ఉంది! మామూలు దోపిడీకి పదేళ్ల దాకా కఠిన కారాగారం, జరిమానా. అదే హైవే మీద, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య చేస్తే పద్నాలుగేళ్ల దాకా వేయొచ్చు. బండ్లు కట్టుకుని రాత్రిపూట ప్రయాణించే కాలంలో పెట్టిన నియమం, లారీల కాలంలోనూ అలాగే ఉంచారు. దోపిడీలో కావాలని గాయపరిస్తే యావజ్జీవం దాకా వెళ్తుంది.

ఆసుపత్రి బిల్లు చూసి ‘పట్టపగలు దోపిడీ’ అంటాం చూడండి, ఆ వాడుకకు నాకేమీ అభ్యంతరం లేదు. నేరవార్త రాసేవాళ్లు కాస్త చూసుకుంటే చాలు.

ప్రశ్న: బందిపోటు అంటే గుర్రాలూ అడవీ ఉండాలా మరి?

జవాబు: అక్కర్లేదు, ఐదుగురు ఉంటే చాలు. 310వ సెక్షన్. నలుగురు లోపలికెళ్లి కత్తులు చూపించి, ఐదోవాడు గుమ్మం దగ్గర కాపలా కాసినా లెక్క ఐదే. వాడు ఎవరి మీదా చెయ్యి వేయకపోయినా సరే, యావజ్జీవం గానీ పదేళ్ల దాకా కఠిన కారాగారం గానీ వాడికీ పడొచ్చు.