అప్‌డేట్: నానమ్మ వెండి రూపాయి, గ్రేడింగ్‌కి పంపడం లేదు

మొన్న అడిగాను కదా, నానమ్మ పెట్టెలో దొరికిన 1907 ఎడ్వర్డ్ రూపాయి (బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్‌ది, కిరీటం లేని బోడితల బొమ్మ) గ్రేడింగ్‌కి (నాణెం అసలుదేనా, ఎంత బాగుంది అని చూసి మార్కు లాంటి నంబర్ ఇచ్చే కంపెనీకి) పంపితే నంబర్ వస్తుందా అని. మీరు చెప్పినట్టే కంసాలి దగ్గర కాటా మీద పెట్టిస్తే 11.5 గ్రాములు తూగింది, అసలు ఉండాల్సింది 11.66 కాబట్టి అరుగుదలకి సరిపోయింది, నకిలీ అన్న టెన్షన్ కాస్త తగ్గింది.

అసలు దెబ్బ అంచు మీద ఉంది. రాజు తల పైన, అంచు గీతలు గోరంత మేర ఆకురాయితో రాసేసినట్టు నున్నగా ఉన్నాయి, భూతద్దంలో చూస్తే పక్కనే బూడిద రంగు టంకం మరక. ఎప్పుడో గొలుసుకి వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత పీకేశారన్నమాట. పైగా ప్రతి దసరాకీ చింతపండుతో తోమకం! మెరుపు ఉంది గానీ ఒకటే సన్నగీతలు.

ఇలాంటిదానికి నంబర్ ఇవ్వరు, ‘డీటెయిల్స్’ (అంటే అసలుదే గానీ దెబ్బతిన్నది) అని రాసి డబ్బాలో పెట్టి పంపిస్తారు, ఆ ఫీజు నాణెం ధర కన్నా ఎక్కువయ్యేలా ఉంది. మరక గీకిస్తానని కంసాలి అన్నాడు, వద్దన్నాను. పీవీసీ (వెండిని పాడుచేసే ప్లాస్టిక్) లేని కవర్‌లో పెట్టి బీరువాలో దాచాను.