డెబియన్ ప్యాకేజీ ఒకరి పేరున ఉండాలా, జట్టు పేరునా?

బిల్డ్‌లాగ్:
డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఒక్కరి పేరున నడుస్తున్న ప్యాకేజీలన్నిటినీ (సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ కట్టలను) జట్లకు అప్పగించాలన్నది నా వాదన. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో మెయింటైనర్ (బాధ్యుడు) దగ్గర జట్టు మెయిలింగ్ లిస్టు, అప్‌లోడర్స్ (కొత్త కూర్పులు ఎక్కించేవారు) దగ్గర కనీసం ఇద్దరి పేర్లు పెట్టాలి. ఒంటరి మనిషి అలసిపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ విషయంలో చూశాం. 5.6.0, 5.6.1 విడుదలల్లో ఏకంగా దొడ్డిదారి (రహస్యంగా చొరబడే మార్గం) పెట్టేశారు.

పాతప్యాచ్:
బిల్డ్‌లాగ్ గారూ, ఎక్స్‌జెడ్ మీ వాదనకు ఎదురు సాక్ష్యం. అక్కడ రెండో నిర్వాహకుడు ఉన్నాడు, దొడ్డిదారి పెట్టింది ఆ ఖాతా నుంచే. దాన్ని మేల్కొలిపే ఎం4 ఫైలు (బిల్డ్‌కు వాడే స్క్రిప్టు) కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో లేదు, విడుదల టార్‌బాల్‌లోనే (పంచిపెట్టే కోడ్ మూటలోనే) ఉంది. టార్‌బాల్‌ను గిట్ ట్యాగ్‌తో (ఆ విడుదలకు గిట్‌లో పెట్టిన గుర్తుతో) పోల్చి చూసే మనిషి కావాలి. పేర్లు పెంచినంత మాత్రాన ఆ పని జరగదు.

ఇక లిస్టు సంగతి. బగ్ రిపోర్టు అందరికీ వెళ్తుంది, ఎవరూ తెరవరు. పదిమందిలో పాము చావదు. విడుదలను ఆపేంత తీవ్రమైన బగ్‌ను అలా వదిలేస్తే టెస్టింగ్ (తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే శాఖ) నుంచి చాలా ప్యాకేజీలు వాటంతటవే తొలగిపోతాయి. పెర్ల్ భాష ప్యాకేజీలు చూసే జట్టు మూడు వేలకు పైగా ప్యాకేజీలు నడుపుతోంది నిజమే. కానీ అక్కడ అన్నిటికీ ఒకే అమరిక, ఒకే పరికరాలు. ఆ క్రమశిక్షణ లేని జట్టులో పేర్లే మిగులుతాయి.

కొత్తట్యాగ్:
జట్టు ఎక్కువగా దెబ్బతినేది ఇంకో చోట, అది ఇద్దరూ చెప్పలేదు. ఒకరు దిద్దుబాటు చేసి అప్‌లోడ్ చేస్తారు, డెబియన్ గిట్ సర్వర్ అయిన సల్సాలోకి పుష్ చేయడం (మార్పులు పంపడం) మరిచిపోతారు. తర్వాతి వ్యక్తి పాత గిట్ నుంచి బిల్డ్ చేస్తే మొదటి దిద్దుబాటు మాయం, మూసిన బగ్ మళ్లీ లేస్తుంది. కాబట్టి ముందు పుష్, తర్వాత అప్‌లోడ్, ఆమోదం రాగానే ట్యాగ్. పని సగంలో ఉంటే చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) అన్‌రిలీజ్డ్, అంటే ఇంకా విడుదల కాలేదు, అనే ఉంచాలి. అప్‌లోడర్స్‌లో పేరు లేనివారు చేస్తే చేంజ్‌లాగ్ మొదటి వరుసలో 'టీమ్ అప్‌లోడ్' అని రాయాలి. లేకపోతే ప్యాకేజీలో తప్పులు వెతికే పరికరం లింటియన్ దాన్ని బయటివారి అప్‌లోడ్‌గా లెక్కిస్తుంది.

ఫాంట్లకైతే జట్టు ఒక్కటే చాలదు. పోతన, వేమన ఫాంట్లున్న తెలుగు ప్యాకేజీనే తీసుకోండి. తెలుగు రానివారు బిల్డ్ చేస్తే లింటియన్‌లో ఒక్క తప్పూ రాదు, 'స్త్రీ'లో వత్తు విడిపోయినా వారికి కనబడదు. 'లక్ష్మి', 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి ఇరవై మాటలను హెచ్‌బీ-షేప్‌కు (మాటను ఫాంటులోని అక్షర ఆకారాలుగా మార్చే పరికరానికి) ఇచ్చి, వచ్చిన గ్లిఫ్ (ఆకారాల) వరుసను ప్యాకేజీని తనంతట పరీక్షించే ఆటోపీకేజీటెస్ట్‌లో పాత ఫలితంతో పోల్చాలి. ఆ పాత ఫలితం సరైనదని మొదటిసారి తేల్చాల్సింది మాత్రం తెలుగు చదివే కన్నే.

బిల్డ్‌లాగ్:
పరీక్ష సంగతి ఒప్పుకున్నాను. మరి బాధ్యుడు ఉలుకూ పలుకూ లేకుండా పోతే?

పాతప్యాచ్:
దానికి దారి ఉందండీ. ప్యాకేజీ నిజంగా పాడుబడి ఉంటే, స్వాధీనం చేసుకునే ఉద్దేశం తెలుపుతూ ఐటీఎస్ బగ్ వేయాలి. కనీసం 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే ఏడు రోజుల ఆలస్యపు వరుసలోకి అప్‌లోడ్ చేయవచ్చు. ఆ నెల రోజుల్లో పాత బాధ్యుడు వద్దంటే ఆపేయాల్సిందే. అందుకే ప్రతి ప్యాకేజీకి ఒక పేరు స్పష్టంగా ఉండాలంటున్నాను, ఎవరిని అడగాలో తెలియాలి కదా.

బిల్డ్‌లాగ్:
అయితే మెయింటైనర్ దగ్గర జట్టే ఉండనివ్వండి, అప్‌లోడర్స్‌లో మొదటి పేరు బగ్‌లకు జవాబిచ్చేవారిది కావాలి. ఇద్దరుండాలన్న నియమం మాత్రం వదలను.